వీధి పిల్లిని ఇంట్లోకి తెచ్చుకోవాలా?

మేడమెట్లు: మా గుమ్మం దగ్గరికి కొన్నాళ్లుగా ఒక ఆడపిల్లి వస్తోంది. కాళ్లకు రాసుకుంటుంది, ఎత్తుకోబోతే మాత్రం పారిపోతుంది. తెచ్చుకోవాలని మనసు లాగుతోంది. కానీ ఇంట్లో ఇప్పటికే ముసలి పిల్లి ఒకటి ఉంది, దానికేమైనా అంటుకుంటుందేమోనని టెన్షన్. మీరైతే ఏం చూసుకుని నిర్ణయించుకున్నారు?

చారలతోక: కాళ్లకు రాసుకుంటోందంటే మనుషులు అలవాటున్న పిల్లే అండి. ఎవరిదైనా తప్పిపోయిందేమో ముందు కనుక్కోండి. వెట్ (పశువైద్యులు) స్కానర్ పెట్టి చూస్తారు, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే 15 అంకెల నంబరు కనిపిస్తుంది. మేము మెడకు వదులుగా కాగితం పట్టీ చుట్టి, దాని మీద ఫోన్ నంబరు రాసి వదిలాం. పక్క వీధి నుంచి ఫోన్ వచ్చింది, పిల్లి వాళ్లదేనట! ఒక చెవి కొన తిన్నగా కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిందని గుర్తు.

నిదానం: ఆడపిల్లి కదా, పొట్ట కింద చూడండి. చనులు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి ఉంటే ఎక్కడో పాలు తాగే పిల్లలు ఉండి ఉంటాయి. తల్లిని తెచ్చి తలుపేస్తే అవి ఆకలికి చచ్చిపోతాయి. దయచేసి తొందరపడకండి, అది ఎటు వెళ్తోందో గమనించండి.

కిటికీగూడు: నా దృష్టిలో మీ ముసలి పిల్లి సంగతే ముందు తేల్చుకోవాలి. కొత్తదానికి ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్), ఫెలైన్ లుకేమియా (పిల్లులకు వచ్చే మరో వైరస్ జబ్బు) రక్తపరీక్షలు చేయించండి. ఎఫ్‌ఐవీ ఎక్కువగా లోతైన కాట్లతో అంటుతుంది, కాబట్టి కొట్లాడుకోని పిల్లులు కలిసి ఉండగలవు. లుకేమియా అలా కాదు. లాలాజలంతో వస్తుంది, ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా అంటుకోవచ్చు. ఈమధ్యే సోకి ఉంటే మొదటి పరీక్షలో తేలకపోవచ్చు, మళ్లీ ఎప్పుడు చేయించాలో వెట్‌ని అడగండి. అప్పటిదాకా వేరే గది, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ బాక్స్. ఇంకోటి, పేలు, పిడుదులు పోవడానికి కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి పూయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

మేడమెట్లు: మా చెల్లి గర్భిణి, మాతోనే ఉంటోంది. అది కూడా ఆలోచించాలా?

కిటికీగూడు: ఆలోచించాలి, కానీ భయపడక్కర్లేదు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా (కడుపులో బిడ్డకు హాని చేయగల పరాన్నజీవి) ఉన్నా, అది మనుషులకు అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్ రోజూ తీసేయండి, ఆ పని చెల్లికి మాత్రం వద్దు.

చారలతోక: లోపలికి తేకపోయినా తప్పేం లేదండి. మేము ఒక బెదురు పిల్లికి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి మళ్లీ దాని చోటే వదిలాం. రోజూ తిండి పెడుతున్నాం. దాన్ని గదిలో పెడితే హింసే అయ్యేది.

మేడమెట్లు: ముందు పరీక్షలు, తర్వాతే గది. ఎత్తుకోనివ్వని దాన్ని వెట్ దాకా ఎలా తీసుకెళ్లాలి?

నిదానం: క్యారియర్ (పిల్లిని మోసుకెళ్లే పెట్టె) తలుపు తీసి గుమ్మం దగ్గరే ఉంచండి, తిండి అందులోనే పెట్టండి. తనంతట తాను లోపలికెళ్లి తినడం అలవాటయ్యాక, ఒక రోజు మెల్లగా తలుపేసేయండి.