థర్మోస్టాట్ చూడటానికి కూలెంట్ మొత్తం దింపాల్సిందేనా?

హన్మకొండ డీజిల్
2014 మోడల్ డీజిల్ బండి, ఏడు సీట్లది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ సగానికి కొంచెం కిందే ఉండేది. ఈ ఎండాకాలం సగం దాటి ఒక గీత పైన నిలబడుతోంది. ములుగు రోడ్డు మీద ఏసీ వేసి 80లో పోతుంటేనే ఇలా. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో మామూలుగానే ఉంటుంది. పొంగింది లేదు, కూలెంట్ తగ్గింది లేదు. మెకానిక్ మాత్రం థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) సరిగ్గా తెరుచుకోవట్లేదు, కూలెంట్ మొత్తం దింపి చూద్దాం అంటున్నాడు. పోయిన ఏడాదే మార్పించిన కూలెంట్ అది. పారబోయకుండా చూసే దారి లేదా?

ఆటోనగర్ పానా
దింపాల్సిందే తమ్మీ. థర్మోస్టాట్ లోపల మైనం ఉంటది. అది వేడికి కరిగి ఉబ్బి పిన్నును తోస్తేనే వాల్వు తెరుచుకుంటది. అంతా మూతకింద జరిగే పని, పైనుంచి ఏం కనబడదు. బయటికి తీస్తే దాని మీద 82 అనో 88 అనో అచ్చు ఉంటది. గిన్నెడు నీళ్ళలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి మీద వేడి చెయ్యాలి. ఆ డిగ్రీల దగ్గర కదలాలి, ఇంకో పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. గిన్నె అడుగుకు తగలనియ్యొద్దు, లెక్క తప్పుతది. మిగతావన్నీ అంచనాలే.

స్కానర్ పిచ్చోడు
అంచనా అంటే ముందు ఆ ముల్లే అంచనా అన్నా. చాలా బండ్లలో కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు కదలకుండా సెట్ చేసి ఉంటుంది. స్టీరింగ్ కింద ఇంజిన్ లెక్కలు చదివే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో అసలు డిగ్రీలు చూడండి. తర్వాత పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కు చెయ్యి దూరంగా ఉంచి, రేడియేటర్ పై పైపు పట్టుకోండి. థర్మోస్టాట్ ఇంజిన్ పైభాగంలో ఉంటే పైపు చాలాసేపు చల్లగా ఉండి, అది తెరుచుకోగానే ఒక్కసారిగా కాలుతుంది. ఇంకోటి, ట్రాఫిక్‌లో బాగుండి స్పీడ్‌లో వేడెక్కుతోందంటే ఫ్యాన్ పని చేస్తున్నట్టే. ఇంజిన్ కష్టపడ్డప్పుడు పుట్టే వేడి బయటికి పోవట్లేదు. అది రేడియేటర్ తప్పు కూడా కావచ్చు. అది తేలకముందే డ్రెయిన్ నట్టు మీద పడటం ఎందుకు?

ఆటోనగర్ పానా
పూర్తిగా మూసుకుపోయిన థర్మోస్టాట్ నీ చేతికి దొరుకుతది, ఒప్పుకుంటా. సగమే తెరుచుకునేది? పై పైపు కాలుతది, కింద పైపు గోరువెచ్చగా ఉంటది, నువ్వు బాగుందని రాస్తావు. ఈ తమ్ముడి బండి పొంగట్లేదు, జర ఎక్కువ వేడెక్కుతోంది, అంతే. సగం తెరుచుకునే దాని లక్షణం అదే. కింద పైపు చల్లగా ఉందంటే రేడియేటర్ చోక్ అయినా కావచ్చు, గాలి పట్టినా కావచ్చు. వీటిలో ఏదో నీ ఫోన్ చెప్పదు.

గోదావరిఖని లోడ్
ఇంత లొల్లి ఎందుకు, తీసి పారెయ్యండి. మా దిక్కు పాత లారీలకు చాలావాటికి థర్మోస్టాటే లేదు. 45 డిగ్రీల ఎండలో ఇంజిన్‌ను వేడి పెట్టే సామాను ఎవరికి కావాలి?

కాజీపేట లెక్చరర్
ఆ సలహా వినొద్దు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కింద ఇంకో పళ్ళెం ఉంటుంది. పై దారి తెరుచుకునేటప్పుడు అది బైపాస్ దారిని మూసేస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ బార్లా తెరిచే ఉంటుంది. కొంత వేడి కూలెంట్ రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వస్తుంది. అంటే మే నెలలో లోడ్ మీద ఇంకా ఎక్కువ వేడెక్కవచ్చు. చలికాలం పొద్దున అసలు వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. లారీ నడుస్తోందన్నది సాక్ష్యం కాదు, దాని మైలేజీ ఎవరు లెక్కపెట్టారు?

ఇక అసలు ప్రశ్న. "దింపాలా", "మొత్తం దింపాలా" అనేవి వేర్వేరు. మొత్తం అక్కర్లేదు. థర్మోస్టాట్ మూత ఎంత ఎత్తులో ఉందో చూసి, లెవెల్ దానికి కిందికి వస్తే చాలు. పైన ఉంటే రెండు మూడు లీటర్లతో పని అయిపోతుంది. కొన్ని ఇంజిన్లలో కింద పైపు దగ్గర ఉంటుంది, అప్పుడు దాదాపు అంతా వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక శుభ్రమైన టబ్బులోకి పట్టండి. ఏడాదిది కాబట్టి తుప్పు, నూనె లేకపోతే వడగట్టి మళ్ళీ పోయొచ్చు. మొత్తం దింపితే నాకున్న భయం, తిరిగి పోసేటప్పుడు పక్కనున్న బోరు నీళ్ళు కలపడం. మన బోరు నీళ్ళతో గీజరే సున్నం కడుతుంది, రేడియేటర్ సన్న గొట్టాల సంగతి చెప్పాలా? తక్కువ పడితే డిస్టిల్డ్ వాటరే.

ఆటోనగర్ పానా
సగం దింపడానికి నాకేం అభ్యంతరం లేదు సార్. కానీ తిరిగి పోసుడే అసలు పని. గాలి పడితే బండి ఇంకా హీటవుతుంది, కస్టమర్ వచ్చి మమ్మల్నే తిడతాడు. హీటర్ ఫుల్‌లో పెట్టి, మెల్లగా పోసి, ఐడిల్‌లో పై పైపు కాలేదాకా, బుడగలు ఆగేదాకా చూడాలి. తెల్లారి చల్లటి ఇంజిన్ మీద లెవెల్ మళ్ళీ చూడాలి. ఆ టబ్బు వాకిట్లో వదలొద్దు. కూలెంట్ తియ్యగా ఉంటది, కుక్కలు తాగి చస్తాయి.

హన్మకొండ డీజిల్
స్కానర్ పెట్టాను. ఊళ్ళో 89, 90. హైవే మీద ఏసీతో 101, ఏసీ ఆపితే 95. ముందు జాలీలోంచి టార్చ్ వేసి చూస్తే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దూది పరుపులా పేరుకుంది! సీజనంతా ఏనుమాముల పత్తి మార్కెట్‌కు తిరిగే బండి మరి. ఇంజిన్ వైపు నుంచి సన్నటి ధారతో కడిగించాను. ఇప్పుడు ఏసీతో 95.

స్కానర్ పిచ్చోడు
ఇంకేముంది, ఒక్క చుక్క దింపకుండా తేలిపోయింది.

ఆటోనగర్ పానా
ఎక్కడ తేలింది? దాని మీద 88 ఉంటే 95 మామూలే. 82 ఉంటే వాల్వు ఇప్పటికే దాదాపు చివరిదాకా తెరుచుకుని ఉండాలి. అది చివరిదాకా పోతోందా లేదా అన్నదే కదా అనుమానం? మే ఇంకా మిగిలే ఉంది, నేనైతే విప్పుతా.

హన్మకొండ డీజిల్
మూత పైనే ఉందన్నా, ఆదివారం పొద్దున స్టార్ట్ చేయకముందే విప్పుతాం. రెండున్నర లీటర్లు దింపితే చాలని మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు. రబ్బరు రింగు కొత్తది తెచ్చి పెట్టాను. థర్మోస్టాట్ కూడా ఇప్పుడే కొనాలా?

కాజీపేట లెక్చరర్
పాత దాని మీద నంబర్ చూశాకే కొనండి. కొత్తదైనా బిగించే ముందు అదే గిన్నెలో వేసి చూడండి.