పీర్ రివ్యూకు వెళ్లిన దేశం ఏం నేర్చుకుందో తెలుసుకునేది ఎలా?

ఎంఈడీ డిసర్టేషన్ కోసం యూరప్‌లో వృత్తివిద్య నాణ్యత కోసం ఉన్న ఈక్వావెట్ అనే ఏర్పాటు కింద జరిగే పీర్ రివ్యూలను చదువుతున్నాను. వృత్తివిద్యపై యూరోపియన్ యూనియన్ మండలి 2020 నవంబరు 24న చేసిన సిఫార్సులో ఈ పద్ధతి ఉంది. ఆతిథ్య దేశం తన నాణ్యతా వ్యవస్థను తానే మదింపు చేసుకుని రాస్తుంది. వేరే దేశాల్లో అదే పని చూసేవాళ్లు వచ్చి, చర్చించి, సూచనలిస్తారు. ఇది తనిఖీ కాదు, ర్యాంకులుండవు. నాకు బాగా నచ్చింది అదే.

ఆతిథ్య దేశానికి ఏం చెప్పారో నివేదికల్లో దొరుకుతోంది. వచ్చినవాళ్లు తమ దేశానికి ఏం పట్టుకెళ్లారో మాత్రం కనబడటం లేదు. పరస్పరం నేర్చుకోవడం అన్నాక అది సగం విషయం కదా!

సమీక్షకులుగా వెళ్లిన 11 మందికి 6 వారాల క్రితం 5 ప్రశ్నలు మెయిల్ చేశాను. జవాబిచ్చింది నలుగురు, అందరిదీ ఒకటే మాట: 'చాలా ఉపయోగపడింది'. 'మీ దగ్గర ఏం మార్చారు?' అని మళ్లీ అడిగితే ఇద్దరు జవాబే ఇవ్వలేదు, ఇద్దరు 'టైం పడుతుంది' అన్నారు. ఆ దేశాల తర్వాతి నివేదికలూ తిరగేశాను. మార్పు కనబడినా, అది ఆ పర్యటన వల్లేనని చెప్పలేకపోతున్నాను.

వచ్చే నెల ఇద్దరితో 40 నిమిషాల చొప్పున వీడియో కాల్ ఉంది. ఇలాంటి సమీక్షలకు, పోనీ మన కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ పీర్ టీమ్‌లలో వెళ్లినవాళ్లు చెప్పండి: తిరిగొచ్చాక మీ పనిలో నిజంగా మారినదాన్ని మీ నోట రప్పించాలంటే ఏ ప్రశ్న అడగాలి?