వెబ్ టెలిస్కోప్ ఇవాళ ఎటు చూడాలో ఎవరు చెప్తారు?

అడిగినవారు: విశాఖ నుంచి, ఓడల బెర్తింగ్ (ఏ ఓడ రేవులో ఎప్పుడు, ఎక్కడ ఆగాలో) ప్లానింగ్ నా పని

మొన్న సాయంత్రం చీకటి పడ్డాక భీమిలి బీచ్‌లో మా అమ్మాయికి భూమి చుట్టూ తిరిగే హబుల్ టెలిస్కోప్ చూపించాను. పడమర నుంచి నింపాదిగా పాకుతూ వచ్చిన చుక్క, సముద్రం వైపు వెళ్తూ వెళ్తూ భూమి నీడలో పడి ఆరిపోయింది. "నాన్నా, దాన్ని ఎటు తిప్పాలో ఎవరు చెప్తారు? రాత్రంతా జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చుంటారా?" అంది. నాకు జవాబు తెలియలేదు. వెబ్ సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1 (గాజువాక, ఫిజిక్స్ రీసెర్చ్ స్కాలర్)

జాయ్‌స్టిక్ ఏమీ లేదండి. రెండింటికీ ప్లాన్ వేసేది బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్. ఏ దేశంవాళ్ళైనా సమయం అడగొచ్చు. 2024లో వెబ్ కోసం 2,300 పైచిలుకు ప్రతిపాదనలు వచ్చాయి, అడిగిన గంటలు ఉన్న గంటలకి సుమారు 9 రెట్లు. ఎంపిక చేసేవాళ్ళకి రాసినవాళ్ళ పేర్లు చెప్పరు. నాకు అందులో బాగా నచ్చేది ఇదే.

అసలు తలనొప్పి ఆ తర్వాత. వెబ్ ఎప్పుడూ తన 5 పొరల ఎండ తెర చాటునే ఉండాలి. తెరకి అటువైపు నీళ్ళు మరిగేంత వేడి అనుకోండి, ఇటు అద్దాల వైపు మైనస్ 220 డిగ్రీలు దాటిన చలి. అందుకే సూర్యుడికి 85 నుంచి 135 డిగ్రీల మధ్యే చూడగలదు, అంటే ఏ రోజైనా ఆకాశంలో 40 శాతంలోపే. మిగతా వాటికి నెలల తరబడి ఆగాలి.

పనుల జాబితా ముందే పైకి పంపుతారు. అది వరసగా చేసుకుపోతుంది. గురి కదలకుండా ఉండటానికి ఆనవాలుగా పట్టుకునే నక్షత్రం, అంటే గైడ్ స్టార్, దొరక్కపోతే కింద నుంచి ఎవరైనా చెప్పేదాకా ఆగదు, తర్వాతి పని అందుకుంటుంది.

జవాబు 2 (సీతమ్మధార, రిటైర్డ్ లెక్చరర్)

హబుల్‌కి ఇబ్బంది వేరు బాబూ. 95 నిమిషాలకో చుట్టు. చాలా లక్ష్యాలకి అందులో దాదాపు సగంసేపు భూమే అడ్డం. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువ కాబట్టి అక్కడ పరిశీలనలు ఆపేస్తారు. 2009 తర్వాత మరమ్మతుకి ఎవరూ వెళ్ళలేదు, 2024 జూన్ నుంచి ఒక్క గైరోతోనే (ఎటు, ఎంత తిరుగుతోందో పసిగట్టే పరికరం) నెట్టుకొస్తున్నారు. పాపకి మన దేశపు అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ గురించి కూడా చెప్పండి, 2015లో శ్రీహరికోట నుంచే వెళ్ళింది.

అడిగినవారు

చాలా థాంక్సండి. గైడ్ స్టార్ మాట దగ్గర ఆగిపోయాను. కెరటాలు పెరిగి, ఓడని రేవులోకి నడిపించే పైలట్ ఒక ఓడ ఎక్కలేకపోతే ఆ రోజు జాబితా అంతా మేం తిరగరాయాలి, యాంకరేజ్‌లో లంగరేసుకుని ఉన్న ఒక్కో ఓడకీ చెప్పుకోవాలి. అది 15 లక్షల కిలోమీటర్ల అవతల తనంతట తనే సర్దుకుంటోందా! మరి దాటేసిన పరిశీలన సంగతి? వాళ్ళ వంతు పోయినట్టేనా?

జవాబు 1

పోదండి. తప్పు వాళ్ళది కాకపోతే మళ్ళీ చేయమని అడగొచ్చు. కాకపోతే ఆకాశంలో ఆ వైపు మళ్ళీ తెరుచుకునేదాకా ఆగాల్సి రావచ్చు.