పోకర్‌లో ‘మక్’: తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
గ్రూపులోని పెద్దలకు నమస్కారం. క్యాసినోల్లో ఆడే పోకర్ అనే పేకాట నియమాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఫోల్డ్’కి ‘ఆట వదిలేయడం’ అని రాశాను, బాగానే కుదిరింది. ‘మక్’ దగ్గర చిక్కు వచ్చింది. దానికీ అదే మాట వాడితే ‘వదిలేసిన ఆటను డీలర్ తిరిగి ఇవ్వవచ్చు’ అనే వాక్యం తయారైంది. చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు. రమ్మీలో ఉన్న ‘డ్రాప్’ పెట్టేయనా?

ఒక సభ్యురాలు:
‘ప్యాక్’ అనండి. మూడు ముక్కలాట తెలిసిన వాళ్లందరికీ ఆ మాట తెలుసు.

నా జవాబు:
‘ప్యాక్’, ‘డ్రాప్’ రెండూ మంచి మాటలే కానీ ఇక్కడ సరిపోవండీ. ఈ పందెం నాకొద్దు, తప్పుకుంటున్నాను అనే నిర్ణయాన్ని అవి చెబుతాయి. ‘ఫోల్డ్’ కూడా అంతే. ‘మక్’ అలా కాదు, ముక్కలు ఎక్కడికి చేరాయో చెబుతుంది. వదిలేసిన ముక్కలన్నీ డీలర్ ముందు బోర్లా పడి ఉంటాయే, ఆ కుప్ప పేరు మక్. అందులోకి ముక్కలు తోసేయడాన్ని కూడా మక్ చేయడమే అంటారు. చోటుకీ పనికీ ఒకే మాట కావడంతో తెలుగులోకి తెచ్చేటప్పుడు గందరగోళం వస్తోంది.

చోటును ‘కుప్ప’ అనండి, పనిని ‘కుప్పలో వేయడం’ అనండి. వీటితోపాటు ‘కుప్పలో కలిసిపోవడం’ అనే మాటను తప్పకుండా విడిగా ఉంచుకోండి. ఎందుకంటే తీర్పులన్నీ ఈ వేయడానికీ కలిసిపోవడానికీ మధ్యే నడుస్తాయి. ఆఖరి పందెం అయ్యాక ఒకాయన తన రెండు ముక్కలనూ బోర్లా తోశాడనుకోండి. అవి కుప్పలో కలిసిపోతే ఆయనవి ఏవో ఎవరూ చెప్పలేరు, ఆయన ఆట, అంటే ఆయన చేతి ముక్కలు, ఇక చెల్లదు. కుప్ప అంచున విడిగా ఆగిపోయి, అవే ఆయన ముక్కలని అనుమానం లేకుండా తెలుస్తుంటే వెనక్కి ఇప్పించే అవకాశం ఉంది. ఎవరో తప్పుడు సమాచారం ఇస్తే నమ్మి వేసిన ముక్కలైతే, వెనక్కి ఇప్పించడానికి ఇంకా గట్టిగా ప్రయత్నించాలని రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్ అనే నియమావళి చెబుతుంది. అయితే ఆ నిర్ణయం డీలర్‌ది కాదు. డీలర్ ఆట ఆపి ఫ్లోర్‌ను, అంటే బల్లలన్నిటినీ చూసుకునే అధికారిని పిలవాలి. మీ వాక్యంలో అది కూడా దిద్దాలి.

‘మక్’ను యథాతథంగా ఉంచడం నాకు ఇష్టం లేదు. పేకాట గురించి రాసిన తెలుగు వ్యాసంలో అది ‘ముక్క’కు అచ్చుతప్పులా కనిపిస్తుంది.

మరో సభ్యుడు:
ఇంగ్లీషులో మక్ అంటే పేడ, పెంట కదా మాస్టారూ. ‘పెంటలో వేయడం’ అంటే మూలానికి దగ్గరగా ఉండదా?

నా జవాబు:
స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట అది, అసలు అర్థం మీరన్నదే. కానీ పోకర్ బల్ల దగ్గర ఆ అర్థం ఎవరి మనసులోనూ ఉండదు. మనం ‘పెంట’ అంటే మాత్రం తిట్టులాగే వినిపిస్తుంది. కుప్ప చాలు.

రమ్మీ ఆడే ఒక సభ్యుడు:
మా ఆటలో షో చెప్పి, తీరా ముక్కలు కుదరకపోతే రాంగ్ షో. 80 పాయింట్లు పడతాయి. పోకర్‌లో నోటితో తప్పు చెబితే ఏమవుతుంది?

నా జవాబు:
ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. పోకర్‌లో ‘కార్డ్స్ స్పీక్’ అనే సూత్రం ఉంది. నేనైతే ‘నోటిమాట కాదు, ముక్కే లెక్క’ అని రాస్తాను. మీ చేతిలో స్ట్రెయిట్ ఉంది, అంటే వరుసలో ఐదు ముక్కలు. ఎదుటాయన ‘ఫ్లష్’ అన్నాడు, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు, స్ట్రెయిట్ కన్నా పెద్దది. ఓడిపోయాననుకుని మీరు ముక్కలు కుప్పలో కలిపేశారు. తర్వాత ఆయన తెరిస్తే ఆఠీన్లు నాలుగే ఉన్నాయి. రమ్మీలో అయితే దెబ్బ ఆయనకు తగిలేది. ఇక్కడ మిగిలిన ఆట ఆయనదొక్కటే కాబట్టి డబ్బు ఆయనకే పోతుంది. కావాలని అలా చెప్పడం చాలా పెద్ద మర్యాద లోపం, ఫ్లోర్ శిక్ష కూడా వేయవచ్చు. కలిసిపోయిన మీ ముక్కలు మాత్రం తిరిగి రావు. అందుకే ఎదుటివాళ్ల ముక్కలు బల్ల మీద వెల్లకిలా పడి, డీలర్ చదివేదాకా మీవి వదలకూడదు.

ముక్కలను అలా వెల్లకిలా పరచడాన్ని ‘బల్ల మీద తెరవడం’ అనొచ్చు. గెలిచిన ఆట అని స్పష్టంగా తెలుస్తూ పూర్తిగా తెరిచి ఉన్నదాన్ని డీలర్ రద్దు చేయలేడు. 2001లో ఏర్పడిన టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం నియమాల్లో ఇది ఉంది. బోర్లా ఉన్నవాటికి ఆ రక్షణ లేదు. డీలర్ పొరపాటున వాటిని లాగి కుప్పలో కలిపేసినా నష్టం ఆటగాడిదే, అప్పటికే ఎదుటివాళ్లు అంతే సొమ్ము కలిపిన పందెం తిరిగి ఇవ్వరు. కఠినంగా అనిపిస్తుంది కానీ నాకిది న్యాయమే అనిపిస్తుంది. కలిసిపోయాక ఎవరి మాట నమ్మి తీర్పు చెబుతారు? ముక్కల మీద ఒక చిప్ (పందెం బిళ్ల) పెట్టుకుని కూర్చోవడం అందుకే. దీనికి ‘ముక్కలు కాపాడుకోవడం’ అంటే సరిపోతుంది.

‘డెడ్ హ్యాండ్’ను ‘చచ్చిన చెయ్యి’ అని మాత్రం రాయకండి, దయచేసి. చెల్లని నోటు అన్నట్టే ‘చెల్లని ఆట’. దానికి ఎదురు ‘చెల్లే ఆట’.

మొదట జవాబిచ్చిన సభ్యురాలు:
మూడు ముక్కలాటలో ఇద్దరే ముక్కలు పోల్చుకునే సైడ్ షోలో ఓడినవాళ్లు మిగతావాళ్లకు చూపించకుండానే ప్యాక్ చేస్తారు. పోకర్‌లో ఓడినవాళ్ల ముక్కలు చూపించమని అడగొచ్చాండీ?

నా జవాబు:
రాబర్ట్స్ రూల్స్ ప్రకారం ఆఖరిదాకా ఆటలో నిలిచినవాళ్ల ముక్కలు చూపించమని అడగొచ్చు. ఇద్దరు కుమ్మక్కై ఆడుతున్నారేమో పట్టుకోవడానికి పెట్టిన వెసులుబాటు ఇది. కుతూహలం కోసం పదేపదే అడిగితే బల్ల దగ్గర అవమానంగా తీసుకుంటారు, ఆ వెసులుబాటునే తీసేయవచ్చు కూడా. అడిగినప్పుడు డీలర్ ఆ ముక్కలను ముందు కుప్పకు తాకించి, తర్వాత తెరుస్తాడు. తాకిస్తే అది చెల్లని ఆట అయినట్టు, లోపల ఎంత పెద్ద ఆట ఉన్నా సరే. అడిగింది గెలిచిన మనిషే అయితే మాత్రం ఎదుటి ఆట కూడా చెల్లుతుంది, అది పెద్దదైతే డబ్బు అటు పోతుంది.