1676 నాటి హామ్లెట్ ప్రతిలో కోత గుర్తులు: ఎవరైనా చూశారా?

షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌ను రెండు గంటల ప్రదర్శనకు కుదిస్తున్నాను. నా కత్తెరకు పని చెప్పే ముందు పాతకాలపు నటులు ఏం తీసేశారో చూద్దామని 1676లో లండన్‌లో అచ్చయిన ప్రతిని పట్టుకున్నాను. డ్యూక్స్ థియేటర్‌లో ఆడిన నాటకం అది. అక్కడ హామ్లెట్ వేషం థామస్ బెటర్టన్‌ది. నాటకం మరీ పెద్దది కాబట్టి రంగస్థలంపై కొన్ని భాగాలు వదిలేస్తున్నామని, అయినా కవికి అన్యాయం జరగకుండా వాటినీ అచ్చువేసి పక్కన కొటేషన్ గుర్తు పెట్టామని పాఠకులకు ముందే విన్నవించారు. ఎంత మర్యాదస్తులో!

నాకు దొరికిన టైపు పాఠంలో ఆ గుర్తులే లేవు. స్కాన్‌లోనేమో పంక్తి మొదట్లో ఉన్నది కొటేషన్ గుర్తో, సిరా మరకో తేలడం లేదు. అంచులు స్పష్టంగా కనిపించే స్కాన్ ఎక్కడైనా ఉందా? 1683, 1695, 1703 ముద్రణల్లోనూ అవే పంక్తులకు గుర్తులున్నాయా? పోల్చి చూసినవారు దయచేసి చెప్పండి. నాటకంలోని నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ సన్నివేశాల సంగతి ముందు కావాలి, నా తగువంతా వాటితోనే.

థియేటర్ల ప్రాంప్టు పుస్తకాలను (ప్రదర్శన నడపడానికి వాడే నాటక ప్రతులను) అనుసరించి ప్రచురణకర్త జాన్ బెల్ 1770లలో వేసిన షేక్‌స్పియర్ సంపుటాలను మీరు సూచించవచ్చు గానీ, అవి దాదాపు వందేళ్ల తర్వాతివి. ప్రస్తుతానికి బెటర్టన్ కాలపు కోతే కావాలి.