అప్‌డేట్: 46 ఏళ్లకి సీఎన్‌సీ నేర్చుకోవడం మొదలుపెట్టాను

హైదరాబాద్ బాలానగర్‌లో మాన్యువల్ లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ కోసే, చేత్తో నడిపే మెషిన్) మీద టర్నర్‌ని, మా షాపులో సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్) దింపుతున్నారు, ఈ వయసులో నేర్చుకుంటే పనికొస్తుందా, లేక ఆ పని కూడా ఏఐ లాగేసుకుంటుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

మీలో ఇద్దరు ముగ్గురు చెప్పినట్టే ఇక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో షార్ట్ టర్మ్ కోర్సులో చేరాను. 1968 నుంచి ఉన్న సంస్థ, ఇన్నేళ్లూ దాని ముందు నుంచే వెళ్లేవాణ్ణి. క్లాసులో అందరూ కుర్రాళ్లే, నన్ను ‘అన్నా’ అంటారు. ప్రోగ్రాంలో వాడే కోడ్‌లు గుర్తుపెట్టుకోవడంలో వాళ్లే ఫాస్ట్.

ఏఐ సంగతి. మా ఓనర్ గారబ్బాయి ఫేసింగ్‌కి (జాబ్, అంటే కోసే ముక్క, చివరని చదును చేయడానికి) చాట్‌జీపీటీతో ప్రోగ్రాం రాయించాడు. చకచకా రాసిచ్చేసింది. కానీ జీ96 (కోత వేగం ఒకేలా ఉంచే కోడ్) పెట్టి, జీ50 కోడ్‌తో స్పిండిల్ (జాబ్‌ని తిప్పే ఇరుసు) స్పీడుకి లిమిట్ పెట్టలేదు. జీ96లో టూల్ సెంటర్‌కి దగ్గరయ్యేకొద్దీ స్పిండిల్ స్పీడు పెరిగిపోతుంది. చక్‌లో (జాబ్‌ని బిగించి పట్టే భాగంలో) జాబ్ పట్టు చాలకపోతే ఎగిరి బయటపడుతుంది. చదవగానే నాకు గుండె ఝల్లుమంది. చేత్తో హ్యాండిల్ తిప్పి పనిచేసినవాడికి ఆ భయం ఒంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు రాయడం దాని పని, చెక్ చేసి డ్రై రన్ (లోహం కోయకుండా ఖాళీగా నడిపి చూడటం) వేయడం నా పని. జీతం ఇంకా పెరగలేదు, అడగబోతున్నాను. ఫానక్ కంపెనీ కంట్రోల్ (సీఎన్‌సీని నడిపే కంప్యూటర్) మీద మాక్రో ప్రోగ్రామింగ్‌ (విలువలు మార్చుకుంటూ ఒకే ప్రోగ్రాంని వాడుకునే పద్ధతి) తెలుగులో చెప్పే వీడియోలుంటే పంపండి.