12 అడుగుల ఓపెనింగ్‌కి ఏ లింటెల్ వేయాలి? చేయించినవాళ్లు చెప్పండి

కొత్తవాకిలి:
హాలుకీ వంటగదికీ మధ్య ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ తీసేసి 12 అడుగుల ఓపెనింగ్ పెట్టాలనుకుంటున్నాం. పైన ఇంకో అంతస్తు ఉంది. లింటెల్‌కి, అంటే ఓపెనింగ్ మీద గోడను మోసే అడ్డ దిమ్మెకి, మేస్త్రి కాంక్రీట్ పోద్దామంటున్నాడు, వెల్డింగ్ ఆయన ఉక్కు గర్డర్ వేద్దామంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఏది మంచిది?

సైట్‌మనిషి:
ఏది వేయాలన్నది తర్వాత చూద్దామండీ. ముందు ఆ గోడ మీద ఏముందో చూడండి. స్లాబ్ దాని మీద కూర్చుందా? పై అంతస్తు గోడ సరిగ్గా దాని మీదే లేచిందా?

ఎందుకంటే, పైన ఒట్టి ఇటుక గోడే ఉంటే దాని బరువంతా లింటెల్ మీద పడదు. త్రికోణం ఆకారంలో కొంత భాగమే పడుతుంది, మిగతాది పక్క గోడల్లోకి దిగిపోతుంది. చిన్న కిటికీలకు సన్న లింటెల్ సరిపోయేది అందుకే. కానీ 12 అడుగులకు ఆ త్రికోణం ఎత్తు, 60 డిగ్రీల లెక్కన, 10 అడుగులు దాటుతుంది. మీ ఓపెనింగ్‌కీ స్లాబ్‌కీ మధ్య మహా అయితే మూడడుగుల గోడ ఉంటుంది. అంటే స్లాబ్ లోడు నేరుగా లింటెల్ మీదే. దీన్ని లింటెల్ అనుకోకండి, బీమ్ అనుకుని డిజైన్ చేయించండి.

రాడ్లూరింగులూ:
పైన చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి. అడుగుకి పడే లోడు అంతే ఉన్నా, ఓపెనింగ్ వెడల్పు రెట్టింపైతే అదే సైజు బీమ్ వంపు 16 రెట్లు అవుతుంది. 6 అడుగుల తలుపు మీద వేసిన సైజే ఇక్కడా వేస్తామంటే ఒప్పుకోవద్దు.

మా ఇంట్లో వెడల్పాటి ఓపెనింగ్‌కి స్లైడింగ్ తలుపు పెట్టించాం. మొదట్లో వేలితో తోస్తే జరిగేది. ఏడాది తిరిగేసరికి సరిగ్గా మధ్యలో పట్టేయడం మొదలైంది. బీమ్ మీద ఒక్క పగులు కూడా లేదు. ట్రాక్ పక్కన దారం పట్టి చూస్తే మధ్యలో కిందికి వంగింది. లోడు మోస్తున్న కాంక్రీట్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుందని, లోతు చాలకపోతే అది బయటపడుతుందని ఇంజనీర్ వివరించారు. తలుపు పెట్టే ఆలోచన ఉంటే పైన కాస్త సందు వదలమని ముందే చెప్పండి.

ఇనుపచేయి:
ఉన్న గోడ కొట్టి చేసే పనికి నా ఓటు గర్డర్‌కే. కాంక్రీట్ అయితే సెంట్రింగ్, క్యూరింగ్, కింద సపోర్టులు కనీసం రెండు వారాలు. గర్డర్ బిగించి, దాని పైసందులో కూరిన ప్యాకింగ్ గట్టిపడితే చాలు, లోడు తీసుకుంటుంది. 9 అంగుళాల గోడకు రెండు ఐ సెక్షన్లు పక్కపక్కనే పెట్టి, మధ్యలో స్పేసర్లు వేసి బోల్టులు బిగిస్తారు.

అసలు జాగ్రత్త గర్డర్‌కీ పైగోడకీ మధ్య సందు దగ్గర. దాన్ని ఊరికే మాలుతో పూసేస్తే, సపోర్టులు తీయగానే పైగోడ ఆ సందంత దిగి, మెట్లు మెట్లుగా బీటలు ఇస్తుంది. ఉక్కు ప్లేట్లు బిగించి, నీళ్లు తక్కువ కలిపిన మాలు కూరించాలి. తుప్పు పట్టకుండా ప్రైమర్, నిప్పు నుంచి కాపాడే బోర్డు కూడా తప్పనిసరి. 550 డిగ్రీల వేడికి ఉక్కు బలం దాదాపు సగం పోతుంది.

కొత్తవాకిలి:
చాలా థాంక్స్ అండీ. స్లాబ్ ఆ గోడ మీదే ఉంది. మరి రెడీమేడ్ ప్రీస్ట్రెస్డ్ లింటెల్స్ (లోపలి ఉక్కు తీగల్ని ముందే లాగి బిగించి పోసిన కాంక్రీట్‌వి) పనికొస్తాయా? ఇంకో టెన్షన్ ఏంటంటే, ఓపెనింగ్‌కి ఒక పక్క గోడ బాగానే మిగులుతుంది. రెండో పక్క అడుగు గోడే, ఆ వెంటనే కిటికీ.

సైట్‌మనిషి:
వాటిలో చాలా రకాలు పైన కట్టే ఇటుక వరసలతో కలిసి పనిచేస్తేనే పూర్తి బలం ఇస్తాయి. స్లాబ్ లోడుకు అవి వద్దు. కోయకూడదు, తిరగేసి పెట్టకూడదు కూడా.

ఆ అడుగు గోడ సంగతి మాత్రం చాలా సీరియస్. బీమ్ మోసే బరువులో దాదాపు సగం ఆ కొస మీదకే వస్తుంది. బరువు పరుచుకునేలా బీమ్ కొస కింద కాంక్రీట్ దిమ్మె (బెడ్ బ్లాక్) వేసినా అంత సన్నటి ఇటుక ముక్క తట్టుకోకపోవచ్చు. కిటికీ మూసేసి గోడ కలిపేయండి, లేదా అక్కడ పునాది నుంచి పిల్లర్ లేపించండి. గర్డరా కాంక్రీటా అన్నది ఇది తేలాక మాట్లాడుకోవచ్చు.

ఇనుపచేయి:
అవును, అది తేలేదాకా గోడ మీద సుత్తి పడనివ్వకండి. కొట్టే ముందు గోడకు రెండు వైపులా స్లాబ్ కింద జాకీలు పెట్టించండి. జాకీల కింద టైల్స్ మీద నేరుగా కాకుండా దళసరి పలకలు వేయించండి. కింద ఇంకో అంతస్తు ఉంటే, అక్కడ కూడా సరిగ్గా వాటి కిందే జాకీలు ఉండాలి.